మాటల్లేని డాక్యుమెంటరీకి వాయిస్ ఓవర్ పెట్టాలా, వద్దా?

కరువుసీమ_కెమెరా
మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పోయిన జూన్ నుంచి ఈ మే దాకా మా ఊరి మీద ఒక సినిమా తీశాను, 22 నిమిషాలు వచ్చింది. గొర్రుతో విత్తనం వేయడం, శనక్కాయకు ఊడలు దిగే టైంలో ఆకాశం వైపు చూడడం, శనక్కాయ చెట్టు పీకడం, వామి వేయడం, చెరువు నిండి మరవ పారడం, ఎండాకాలం అదే చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుకోవడం. ఒక్క మాట లేదు. మనుషులు దూరంగా మాట్లాడుకునేది వినపడుతుంది అంతే, అది కూడా అర్థం కావాలని పెట్టింది కాదు.

ఇప్పటికి ఏడుగురికి చూపించాను. ఆరుగురు "బాగుంది, వాయిస్ ఓవర్ ఎప్పుడు పెడతావు?" అనే అడిగారు. మా బావ అయితే సౌండ్ పోయిన టీవీ చూసినట్టు ఉందన్నాడు. ఏడాది కష్టపడి తీసినవాడికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో తీసినవాళ్ళకే తెలుస్తుంది.

నేను ఇలా తీయడానికి కారణం ఆరేళ్ళ కింద బెంగళూరులో రూమ్మేట్ లాప్‌టాప్‌లో చూసిన బరాకా అనే మాటల్లేని డాక్యుమెంటరీ. 1992లో వచ్చింది, రాన్ ఫ్రికి 24 దేశాలు తిరిగి తీశాడు. అందులో కోడిపిల్లల ఫ్యాక్టరీ ఉంటుంది. పసుపుపచ్చ పిల్లలు బెల్టు మీద జారిపోతుంటాయి, వాటి ముక్కులు కాలుస్తారు, మధ్యమధ్యలో స్టేషన్లో కిక్కిరిసి నడిచే జనాన్ని చూపిస్తాడు. ఎవరూ ఏమీ చెప్పరు. ఆ రోజు పొద్దున్నే నేను మెజెస్టిక్ బస్టాండులో అలాంటి గుంపులో పడి వచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరైనా గొంతు పెట్టి "మనిషి కూడా కోడిపిల్లే" అని చెప్పి ఉంటే, ఆహా అనుకుని పడుకునేవాణ్ణి.

కానీ ఇప్పుడు నా మీద నాకే నమ్మకం సన్నగిల్లుతోంది. మా ఊరివాళ్ళ కోసం తీసింది మా ఊరివాళ్ళకే అర్థం కాకపోతే ఎందుకు? మీరు ఇలాంటివి చూశారా, చూసినప్పుడు ఏమనిపించింది, నిజం చెప్పండి.

పెన్న_గాలి
పెట్టొద్దు. ఏడాది నోరు మూసుకుని తీసినవాడివి, ఇంకో 22 నిమిషాలు మూసుకో అన్నా.

రాగిసంగటి_రాజు
నేను పెట్టమనే అంటాను. మా అమ్మ టీవీలో ఏది వచ్చినా "ఏం చెప్తున్నాడు?" అని అడుగుతుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆమెకు ఏమని చెప్పాలి? నీకు బరాకా నచ్చింది సరే, నువ్వు చదువుకున్నవాడివి, నీకు అలాంటివి చూసే అలవాటుంది. ఊళ్ళో పొద్దంతా పనిచేసి వచ్చినవాళ్ళకు చీకట్లో కూర్చోబెట్టి మాటల్లేకుండా చూపిస్తే పది నిమిషాల్లో గురక పెడతారు. వాళ్ళ తప్పేమీ లేదు.

గుత్తి_టీచరమ్మ
రాజు గారూ, నా అనుభవం దీనికి తిరగబడి ఉంది, కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

రెండేళ్ళ కింద మా స్కూల్లో ఎనిమిదో తరగతికి గ్లాస్ అనే చిన్న సినిమా వేశాను. నెదర్లాండ్స్‌లో బెర్ట్ హాన్‌స్ట్రా 1958లో తీసింది, పది పదకొండు నిమిషాలే, ఆస్కార్ కూడా వచ్చింది. ముందు గాజు ఊదే పనివాళ్ళను చూపిస్తాడు, గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి, తిప్పుతూ తిప్పుతూ ఒక జాడీ చేస్తారు. తర్వాత మిషన్ సీసాలు చేస్తుంది, ఒకదాని వెనక ఒకటి. ఒక చోట ఒక సీసా మూతి విరిగి అక్కడే ఇరుక్కుంటుంది, వెనక నుంచి వచ్చే సీసాలన్నీ దానికి తగిలి పగులుతూ పోతాయి. మిషన్‌కు తెలియదు కదా. ఒక మనిషి చెయ్యి పెట్టి తీయాల్సి వస్తుంది.

ఆ సినిమాలో సంగీతం చాలా బాగుంటుంది. అయితే ఆ రోజు మా స్పీకర్ పనిచేయలేదు, సంగీతం కూడా లేకుండా పోయింది. పిల్లలు గోల చేస్తారని భయపడ్డాను. సీసాలు పగలడం మొదలవగానే క్లాసంతా లేచి నిలబడింది. "తియ్యి, తియ్యి, ఆ సీసా తియ్యి" అని అరుపులు. అయిపోయాక నేను ఒక్క ప్రశ్న అడగలేదు, వాళ్ళే కొట్లాడుకున్నారు, మిషన్ గొప్పదా మనిషి గొప్పా అని. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కొడుకు ఒకడున్నాడు, క్లాసులో నోరు విప్పడు. వాడు లేచి "మా నాయన కూడా అట్లే చెయ్యి పెట్టి తీస్తాడు, అందుకే రెండు వేళ్ళు లేవు" అన్నాడు. క్లాసు మొత్తం ఊరుకుంది. నేను రెండేళ్ళు ఆ పిల్లవాడికి పాఠం చెప్పాను, ఆ సంగతి నాకు తెలియదు.

వాయిస్ ఓవర్ ఉన్న సినిమాలు కూడా చాలా వేశాను. అవి అయ్యాక పిల్లలు నోట్సు రాసుకుంటారు. మాట్లాడరు.

పెన్న_గాలి
టీచర్ గారూ, ఆ రెండు వేళ్ళ మాట చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

బండల_మిషన్
మాది బేతంచెర్ల. టీచర్ గారు చెప్పిన పిల్లవాడి లాంటివాడినే నేను. మా నాయన 26 ఏళ్ళు బండల గనిలో పనిచేశాడు. అందుకే నాకు ఈ మాటల్లేని సినిమాల మీద కోపం ఉంది, దాచుకోను.

సంసార అని 2011లో వచ్చింది, బరాకా తీసినాయనే తీశాడు. అందులో ఇండోనేషియాలో కవా ఇజెన్ అనే అగ్నిపర్వతం దగ్గర గంధకం మోసే కూలీలను చూపిస్తాడు. భుజం మీద కావడి, రెండు పక్కలా గంపల్లో పసుపుపచ్చటి గంధకం గడ్డలు, చుట్టూ పొగ. ఎంత అందంగా ఉంటుందంటే, ఆపి ఫోటోగా గోడకు పెట్టుకోవచ్చు. నా కోపం అక్కడే. ఆ మనిషి పేరేంటి? ఎన్ని కిలోలు మోస్తున్నాడు? రోజుకు ఎంత ఇస్తారు? ఆ పొగ పీలిస్తే ఎన్నేళ్ళు బతుకుతాడు? సినిమా ఒక్కటి కూడా చెప్పదు. మా నాయనను ఎవరైనా అలా తీసి, పైన తంబురా సంగీతం పెట్టి, ఏసీ హాల్లో వేస్తే నేను లేచి వచ్చేస్తాను. మా నాయన రాత్రంతా దగ్గే దగ్గు అందులో వినపడదు కదా.

కష్టం చూపించాలంటే లెక్క చెప్పాలి. లెక్క మాటల్లోనే చెప్పగలం. అందుకని కరువుసీమ తమ్ముడూ, నీ సినిమాలో శనక్కాయ పీకే ఆడవాళ్ళకు కూలీ ఎంతో, ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చాయో, అప్పు ఎంతో చెప్పు. లేకపోతే నువ్వు తీసింది క్యాలెండర్.

ఉగ్గాణి_బజ్జి
క్యాలెండర్ మాట గట్టిగా తగిలింది. కానీ ఆలోచించాల్సిందే.

కందనవోలు_కిరణ్
బండల_మిషన్ అన్న అడిగింది కొత్త ప్రశ్న కాదు, ఎప్పటి నుంచో నడుస్తోంది. 1986లో రాబర్ట్ గార్డ్‌నర్ అనే ఆయన కాశీ మీద ఫారెస్ట్ ఆఫ్ బ్లిస్ తీశాడు. ఒక తెల్లవారుజాము నుంచి మర్నాటి తెల్లవారుజాము దాకా ఘాట్లు, కట్టెలు, పడవలు, బంతిపూలు, కుక్కలు, శవాలు. వ్యాఖ్యానం లేదు, జనం మాట్లాడే హిందీకి సబ్‌టైటిల్ కూడా వేయలేదు. మానవశాస్త్రం చదివినవాళ్ళు చాలామంది మండిపడ్డారు, చూసేవాడికి ఏమీ వివరించకపోతే ఇది ఏం చదువు అని. ఇంకొంతమంది అదే దాని బలం అన్నారు.

ఇంకో సంగతి. పూర్తిగా మాటల్లేని సినిమా అనేది దాదాపు లేదు. 1929లో జిగా వెర్తోవ్ తీసిన మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరాలో మధ్యలో అక్షరాలు వేయలేదు, కానీ మొదట్లోనే ఇది అక్షరాలు లేని, కథ లేని ప్రయోగం అని తెరమీద రాసి మరీ చెప్తాడు. 1982లో గాడ్‌ఫ్రే రెజియో తీసిన కొయానిస్కాట్సికి పేరే అమెరికాలోని హోపీ తెగవాళ్ళ మాట, అదుపు తప్పిన బతుకు అని అర్థం. చివర్లో ఆ మాట అర్థం, పాటలో వచ్చే హోపీ భవిష్యవాణుల అర్థం తెరమీద వేస్తాడు. అంటే సినిమా అంతా నోరు మూసుకుని, ఆఖర్న నాలుగు ముక్కలు చెప్పాడు. ఆ నాలుగు ముక్కలు చదివాక చూసిందంతా మళ్ళీ కళ్ళముందు తిరుగుతుంది. కాబట్టి పెట్టాలా వద్దా అని తగువు పడే బదులు, ఎక్కడ పెట్టాలి అని అడగడం మేలేమో.

మన దగ్గర కూడా ఉన్నాయి. ఎస్. సుఖదేవ్ సర్కారువాళ్ళ ఫిల్మ్స్ డివిజన్ కోసం ఇండియా 67 తీశాడు, వ్యాఖ్యానం లేకుండా దేశం మొత్తం. అప్పట్లో సర్కారు డాక్యుమెంటరీ అంటే గంభీరమైన గొంతు లేకుండా ఉండేదే కాదు, ఆ రోజుల్లో అది ఎంత ధైర్యమో.

రాగిసంగటి_రాజు
మాటల్లేవంటారు, కానీ సంగీతం సంగతేంటి? కిరణ్ చెప్పిన కొయానిస్కాట్సి నేనూ కొంచెం చూశాను. ఫిలిప్ గ్లాస్ సంగీతం కదా. మొదట్లో ఎవరో పాతాళంలోంచి పాడినట్టు ఆ పేరే పాడుతుంటారు, తర్వాత కార్లు, జనం, ఫ్యాక్టరీలు స్పీడుగా పరిగెత్తేటప్పుడు సంగీతం కూడా గుండె దడ పుట్టిస్తుంది. అది నన్ను భయపడమని చెప్పడమే కదా. గొంతు చెప్పేది సంగీతం చెప్తోంది. గొంతు అయితే నేను కాదనగలను, సంగీతాన్ని ఎట్లా కాదనేది?

పెన్న_గాలి
రాజన్న మొదటిసారి నాకు నచ్చే మాట అన్నాడు.

కలివికోడి_1986
సంగీతం కూడా లేని సినిమాలు ఉన్నాయి రాజు గారూ. 2020లో విక్టర్ కొసకోవ్‌స్కీ తీసిన గుండా చూడండి. పేరు చూసి మా వాడు ఫైట్లు ఉంటాయని కూర్చున్నాడు, తీరా చూస్తే గుండా అంటే ఒక ఆడపంది పేరు. పొలాలు, బ్లాక్ అండ్ వైట్, మాట లేదు, సంగీతం లేదు. పంది, దాని పిల్లలు, ఒంటికాలి కోడి, ఆవులు. చివర్లో ఒక బండి వచ్చి పిల్లలను తీసుకుపోతుంది. ఆ తల్లి అటూ ఇటూ తిరుగుతూ వెతుకుతుంది, చాలాసేపు, కెమెరా దాన్ని వదలదు. మా వాడు ఫైట్ల కోసం కూర్చున్నవాడు లేచి వెళ్ళలేదు.

నేను లంకమల అడవుల దగ్గర పెరిగినవాణ్ణి, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. కలివికోడి ఇక లేదనుకున్న పక్షి, 1986లో మన కడప జిల్లాలోనే మళ్ళీ కనపడింది. రాత్రి తిరిగే పక్షి, ముళ్ళపొదల మధ్య ఉంటుంది, కంటికి దొరకదు. దాన్ని వెతికేవాళ్ళు మెత్తటి మట్టి పరిచి కాలిగుర్తుల కోసం చూశారు, చీకట్లో అరుపు కోసం చెవులు రిక్కించారు. దాన్ని వెతకాలంటే మొదట మనం మాట్లాడడం ఆపాలి. చిన్నప్పుడు ఒక పెద్దాయన వెంట రాత్రి అడవికి పోయాను, దారంతా ఒక్క మాట అనలేదు ఆయన, వేలితో చూపించడమే. పక్షి దొరకలేదు. కానీ ఆ రాత్రి విన్నన్ని చప్పుళ్ళు నా జన్మలో మళ్ళీ వినలేదు. పొదలో ఏదో కదలడం, ఎక్కడో ఎండుకొమ్మ విరగడం, నా గుండె నాకే వినపడడం.

ప్రకృతి మీద వచ్చే టీవీ ప్రోగ్రాముల్లో పులి నీళ్ళు తాగుతుంటే "ఇప్పుడు పులి దాహం తీర్చుకుంటోంది" అని చెప్తారు. నాకు కనపడుతోంది కదయ్యా. ఆ నీళ్ళ చప్పుడు విననీయండి.

ఉగ్గాణి_బజ్జి
నేను ప్రొద్దుటూరులో పెళ్ళి వీడియోలు తీస్తాను, నా పని వేరే అయినా ఒక మాట చెప్తాను. జనం ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసేది పాటలు పెట్టి కట్ చేసిన హైలైట్స్ కాదు. అప్పగింతలప్పుడు నేను మైకు ఆపడం మర్చిపోయి తీసిన మూడు నిమిషాల ముక్క, తండ్రి బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఏమీ అనకుండా నిలబడినది. ఆ ఇంట్లోవాళ్ళు అది నాలుగుసార్లు కాపీ చేయించుకున్నారు.

టెక్నికల్‌గా ఒక ప్రశ్న కరువుసీమ బ్రో. ఆకాశం, మబ్బులు టైమ్ లాప్స్ (ఆగి ఆగి ఒక్కో ఫోటో తీసి, అన్నీ కలిపి వీడియోగా పరిగెత్తించడం) తీశావా? ఎంత గ్యాప్ పెట్టావు?

కరువుసీమ_కెమెరా
5 సెకన్లకు ఒక ఫ్రేమ్. గంట తీస్తే 720 ఫ్రేములు, సెకనుకు 24 లెక్కన 30 సెకన్లు వస్తుంది. ఆగస్టులో 19 రోజులు వాన లేదు, రోజూ మధ్యాహ్నం మిద్దె మీద కెమెరా పెట్టి కూర్చున్నాను. మబ్బు కడుతుంది, నల్లబడుతుంది, గాలి లేస్తుంది, విడిపోతుంది. 19 రోజుల నుంచి నాలుగు రోజులే వాడాను, మొత్తం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల మీద వాయిస్ ఓవర్ పెడితే ఏం చెప్పను? "అనంతపురం జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది" అనా? అది నిజమే, పుస్తకంలో ఉంది. కానీ పడాల్సిన వారంలో పడకపోతే ఏమవుతుందో ఆ అంకెలో లేదు, ఆ మబ్బు విడిపోవడంలో ఉంది.

బండల_మిషన్ అన్నా, నువ్వన్నది రెండు రోజులుగా తలలో తిరుగుతోంది. కోపం రాలేదు. భయం వేసింది, నేను నిజంగా క్యాలెండరే తీశానా అని. శనక్కాయ పీకేచోట సాయంత్రం వెలుగులో తీసిన షాట్ ఒకటి ఉంది, దుమ్ము బంగారం లాగా మెరుస్తుంది. దాన్ని చూసుకుని నేనే మురిసిపోయాను. ఇప్పుడు చూస్తే ఆ దుమ్ములో ఒకామె నడుము పట్టుకుని వంగలేక నిలబడింది కనపడుతోంది. ఇన్నాళ్ళూ ఆమెను చూడలేదు నేను.

కందనవోలు_కిరణ్
బ్రో, ఒక పక్క ప్రశ్న. వాయిస్ ఓవర్ పెడితే శనక్కాయలు అంటావా, బుడ్డలు అంటావా? మా కర్నూలు వైపు బుడ్డలే.

రాగిసంగటి_రాజు
శనక్కాయలే. ఇందులో చర్చ లేదు.

ఉగ్గాణి_బజ్జి
పల్లీలు అనే వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళను కూడా మనుషులుగానే చూడాలి.

పెన్న_గాలి
అయితే మాట లేకపోవడమే మేలు. బొమ్మ చూసి ఎవరి పేరు వాళ్ళు పెట్టుకుంటారు.

తాడిపత్రి_లక్ష్మి
ఇన్నాళ్ళు చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచి వినపడదు. ఇంట్లో సినిమా పెడితే వాడు మధ్యమధ్యలో నా భుజం తట్టి ఏమన్నాడని సైగ చేస్తాడు, నేను చెప్పేలోపు తర్వాతి సీన్ వచ్చేస్తుంది. చిన్నప్పుడు పుష్పక విమానం పెట్టినప్పుడు మాత్రం అడగలేదు. అది మాటల్లేని సినిమాయే కదా. వాడు మాకంటే ముందు నవ్వాడు, మాకు తట్టని చోట కూడా నవ్వాడు, అప్పుడు మేమే వాడి భుజం తట్టి ఏంటని అడిగాం. మా అమ్మ ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్తుంది.

మీరు డాక్యుమెంటరీ గురించి మాట్లాడుతున్నారు, అది కథ సినిమా, తెలుసు. పోయిన నెల వాడికి బరాకా పెట్టిచ్చాను. సంగీతం వాడికి లేదు, రాజు గారు అన్న గుండె దడ వాడికి తెలియదు. అయినా కువైట్‌లో చమురు బావులు మండే చోట వాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అయిపోయాక నాకు ఒక సైగ చేశాడు, రెండు చేతులు ఉండలా చేసి, ఊపిరి పీల్చినట్టు పెద్దది చేసి, వదిలాడు. దానికి తెలుగులో మాట లేదు, నేను వెతకను కూడా.

అన్నా, నువ్వు వాయిస్ పెడితే మా తమ్ముడు మళ్ళీ నా భుజం తడతాడు. పెట్టాలనుకుంటే కనీసం అక్షరాలు కూడా వెయ్యి.

గుత్తి_టీచరమ్మ
లక్ష్మీ, ఇది రాసినందుకు చాలా సంతోషం అమ్మా. ఈ కోణం నాకు తట్టనే లేదు.

హంద్రీ_ఒడ్డున
నా వయసు 61. కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినప్పుడు మేము పక్కింటి మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నాం. తర్వాత టీవీలో ఎన్ని గంటలు చూపించారో లెక్క లేదు. అరుపులు, ఎర్రటి అక్షరాలు, ఢంకా సంగీతం. అవి చూస్తుంటే అది మా ఊరే కాదనిపించేది, ఎక్కడో జరిగినట్టు ఉండేది.

మా వీధి కుర్రవాడు ఒకడు చిన్న ఫోన్‌తో నాలుగు నిమిషాలు తీశాడు. బొమ్మ మసక. నీళ్ళలో ఒక బీరువా మెల్లగా తిరుగుతూ వీధి మలుపు దాకా పోతుంది, మలుపు దగ్గర గోడకు తగిలి ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. వాడు ఏమీ మాట్లాడలేదు, వాడి ఊపిరి మాత్రం వినపడుతుంది. ఆ బీరువా మాది. అందులో మా అమ్మ చీరలు ఉన్నాయి, ఆమె పోయి అప్పటికి ఆరు నెలలు. ఆ వీడియో నేను ఏడాదికి ఒకసారి చూస్తాను. ఎవరైనా దాని మీద మాట్లాడి ఉంటే చూడగలిగేవాణ్ణి కాదు.

అట్లని బండల_మిషన్ నాయనా, నువ్వన్నదాన్ని కొట్టిపారేయను. ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి, ముందే ఎందుకు చెప్పలేదు, ఎవరు జవాబు చెప్పాలి అన్నవి బీరువా చెప్పదు. అవి వేరే చోట గట్టిగా అడగాలి, అడిగాం కూడా.

బండల_మిషన్
పెద్దాయనా, ఆ బీరువా నేను కూడా చూసినట్టే ఉంది. ఒప్పుకుంటాను, దాని మీద అంకెలు చెప్పమని ఎవరినీ అడగను.

నా బాధ ఒక్కటే. పేరు. గనిలో చచ్చినా బతికినా మా నాయనను "బండలోడు" అన్నారు. సినిమాలో కూడా పేరు లేకుండా పోతే ఎట్లా?

కరువుసీమ_కెమెరా
సరే, నేను ఒకటి అనుకున్నాను. ఈ శనివారం రాత్రి ఊళ్ళోనే రచ్చకట్ట దగ్గర తెల్లగుడ్డ కట్టి వేస్తాను. వాయిస్ లేకుండానే. రాజు చెప్పినట్టు గురక పెడితే పెట్టనీ, అప్పుడు ఆలోచిస్తాను.

రాగిసంగటి_రాజు
నేను వస్తున్నా. ధర్మవరం నుంచి బండి మీద గంటన్నర. మా అమ్మను కూడా తీసుకొస్తా, పరీక్ష పెడదాం.

పెన్న_గాలి
ఏమైందో చెప్పండయ్యా. సోమవారం కూడా అయిపోయింది.

కరువుసీమ_కెమెరా
కరెంటు పోయి లేటయింది, తొమ్మిదిన్నరకు మొదలైంది. 120 మంది దాకా వచ్చారు, సగం మంది పిల్లలు. నేను వెనక నిలబడ్డాను, కాళ్ళు వణికాయి.

మొదటి నిమిషం నుంచి ఎవరూ నోరు మూయలేదు. నేను పెట్టని వాయిస్ ఓవర్ అంతా వాళ్ళే చెప్పారు. "అది మా విత్తనం గొర్రే", "ఆ ఎద్దు అమ్మేశారు కదా, ఎంతకమ్మినారు?", "ఈ చేను గింజ కూడా రాలేదు, కాయంతా లొట్ట". మా జేజి (అవ్వ) ముందు వరసలో కూర్చుని, ఒక్కో చెట్టు కనపడినప్పుడల్లా అది ఎవరు నాటారో, ఎప్పుడు నాటారో చెప్తూ పోయింది. ఆ సంగతులు నాకే తెలియవు, తెలిసి ఉంటే ఇంకోలా తీసేవాణ్ణి. బండల_మిషన్ అన్న అడిగిన లెక్కలన్నీ, కూలీ, బస్తాలు, అప్పు, ఒకటి మిగలకుండా చీకట్లో వచ్చేశాయి, అదీ ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ.

మబ్బుల దగ్గర మాత్రం ఊరుకున్నారు. రెండు నిమిషాలు ఎవరూ దగ్గను కూడా లేదు. మబ్బు విడిపోగానే వెనక నుంచి ఎవరో "పోయె" అన్నారు. అంతే.

తర్వాత నా పరువు పోయింది. చివర్లో చెరువు మరవ పారే షాట్ పెట్టాను, అందంగా ఉంటుందని, శనక్కాయ పీకిన తర్వాత. ఒకామె లేచి, "ఏంరా అబ్బీ, మరవ పారింది వినాయక చవితి అయిన వారానికి. కాయ పీకింది దసరా అయినాక. నువ్వు తిరగేసినావే. చేను ఎండినాక నీళ్ళు వచ్చినట్టు చూపిస్తే, మా ఊరికి ఆఖరికి మంచే జరిగిందనుకుంటారు చూసేవాళ్ళు" అంది. అందరూ అవునవును అన్నారు. ఆమె మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను అబద్ధం చెప్పాను, మాట లేకుండానే. నీళ్ళు ముందొచ్చాయి, తర్వాత 23 రోజులు వాన లేదు, అదీ జరిగింది.

ఆమె ఎవరో తెలుసా? దుమ్ములో నడుము పట్టుకుని నిలబడిన ఆమె.

గుత్తి_టీచరమ్మ
మీరు మాట పెట్టి ఉంటే ఆమె ఆ మాట అనేదా?

కరువుసీమ_కెమెరా
అనేది కాదు టీచర్ గారూ. పట్నం గొంతు చెప్పింది కాబట్టి సరే అనుకుని ఇంటికి పోయేది.

ఆదివారం కూర్చుని మళ్ళీ ఎడిట్ చేశాను. మరవ షాట్ దాని చోటికి పోయింది. సినిమా ఇప్పుడు ఎండిన చెరువులో క్రికెట్‌తో అయిపోతుంది. వాయిస్ లేదు. చివర్లో నల్లతెర మీద కనపడిన 41 మంది పేర్లు, ఒక్కొక్కరి పేరు పక్కన వాళ్ళు చేసిన పని. పేర్లు వేయొచ్చా అని ఇంటింటికీ తిరిగి అడిగాను, ఇద్దరు వద్దన్నారు, వాళ్ళవి వేయలేదు. కిరణ్ చెప్పినట్టు నాలుగు ముక్కలు ఆఖర్న. లక్ష్మక్కా, మీ తమ్ముడికి లింకు పంపిస్తాను, చూసి ఏ సైగ చేశాడో చెప్పాలి.

తాడిపత్రి_లక్ష్మి
పంపించు అన్నా. వాడికి ఇప్పుడే చెప్పాను, వేళ్ళు లెక్కపెడుతున్నాడు ఎన్ని రోజులని.

కందనవోలు_కిరణ్
రాజన్నా, మీ అమ్మగారి సంగతి చెప్పలేదు?

రాగిసంగటి_రాజు
ఏం చెప్తున్నాడు అని ఒక్కసారి కూడా అడగలేదు. పక్కన కూర్చున్న వాళ్ళ జేజితో మాట కలిపింది, ఇద్దరూ చింతచెట్ల గురించి సినిమా అయిపోయాక కూడా గంట మాట్లాడారు. నేను బండి స్టార్ట్ చేసి పిలిస్తే "ఉండరా" అంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, మా ఊళ్ళో కూడా వేద్దాం.

బండల_మిషన్
41 పేర్లు అన్న దగ్గర ఆగిపోయాను.

తమ్ముడూ, బేతంచెర్ల తీసుకొస్తావా? మా నాయన ఇప్పుడు బయటికి రాలేడు, మా ఇంటి ముందు గోడకు సున్నం వేయిస్తాను, మంచం అక్కడే వేస్తాం. ఆదివారం అయితే మంచిది. ఆ రోజు మిషన్లు ఆపేస్తారు, నువ్వు రికార్డు చేసిన చప్పుళ్ళన్నీ వినపడతాయి.

కరువుసీమ_కెమెరా
వచ్చే ఆదివారం వస్తా అన్నా. ప్రొజెక్టర్ నేను తెస్తాను, ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం పొడుగుది చూసి పెట్టు.